టెస్ట్ కేసులన్నీ పాసయ్యాయి, యాప్ మాత్రం తప్పింది

ప్రశ్న: నాలుగేళ్లుగా వెబ్ అప్లికేషన్ల టెస్టింగ్‌లో పనిచేస్తున్నాను. దరఖాస్తు నింపి, ఫొటో జతచేసి పంపే మా వెబ్ సేవకు ఇటీవల మొబైల్ యాప్ కూడా తయారైంది. వెబ్ కోసం రాసుకున్న టెస్ట్ కేసులనే కొద్దిగా మార్చి యాప్‌కూ వాడాను. ఎమ్యులేటర్‌లో (కంప్యూటర్‌లోనే ఫోన్‌ను అనుకరించే సాఫ్ట్‌వేర్‌లో) అన్నీ పాసయ్యాయి. విడుదలయ్యాక మాత్రం, నింపిన ఫారం ఖాళీ అయిపోతోందని కొందరు, అప్‌డేట్ చేసుకున్నాక యాప్ తెరుచుకోవడమే లేదని మరికొందరు ఫిర్యాదు చేస్తున్నారు. డెవలపర్లు తమ ఫోన్లలో అంతా బాగానే ఉందంటున్నారు. మొబైల్ అంటే చిన్న స్క్రీనే కదా, ఇంత తేడా ఏముంటుందని మేనేజర్ అడుగుతున్నారు. నేను ఎక్కడ పొరపడ్డాను? ఎన్ని ఫోన్లు కొనమని అడగాలి? వెబ్ పరీక్షలను ఆటోమేట్ చేయడానికి నేర్చుకున్న సెలీనియం ఇక వృథాయేనా?

సమాధానం: మీరు రాసిన టెస్ట్ కేసుల్లో తప్పు కనిపించడం లేదు. చిక్కంతా అవి అడగకుండా వదిలేసిన ప్రశ్నల్లో ఉంది. వెబ్ అప్లికేషన్‌ను పరీక్షించేటప్పుడు మనం ఎక్కడా రాసుకోకుండానే కొన్ని సంగతులను ఖాయమని అనుకుంటాం. వాడుకరి ట్యాబ్ మూసేదాకా పేజీ ఉన్నచోటే ఉంటుందని, ఈరోజు సర్వర్‌లో పెట్టిన కోడే ఈరోజు అందరికీ అందుతుందని, ఏదైనా తేడా వస్తే రాత్రికి రాత్రే పాత కోడును తిరిగి పెట్టేయవచ్చని మన నమ్మకం. వెబ్‌లో ఈ మూడూ చాలావరకు నిజమే. మొబైల్‌లో మూడింటినీ వదులుకోవాలి. అక్కడ మీ సాఫ్ట్‌వేర్ నడిచేది మీరెన్నడూ చూడని ఫోన్లో, మీరు చెప్పినట్టు వినని ఆపరేటింగ్ సిస్టమ్ దయమీద, వాడుకరికి తోచినప్పుడు మాత్రమే మారే వెర్షన్‌లో. మేనేజర్‌గారు చెబుతున్న చిన్న స్క్రీన్ తేడా కంటికి కనిపించేది కాబట్టి దానివల్ల వచ్చే బగ్గులను ఎవరైనా పట్టుకోగలరు. మీకు వచ్చిన రెండు ఫిర్యాదులకూ దానితో ఏ సంబంధమూ లేదు.

మొదటి ఫిర్యాదునే తీసుకుందాం. వాడుకరి పేరు, చిరునామా, మిగతా వివరాలన్నీ ఓపికగా నింపి, ఫొటో జతచేసే బటన్ నొక్కుతారు. కెమెరా తెరుచుకుంటుంది, మీ యాప్ తెర వెనక్కి వెళుతుంది. కెమెరాకు మెమరీ బాగా కావాలి. ర్యామ్ తక్కువగా ఉన్న ఫోన్లో ఆ మెమరీని సమకూర్చడానికి ఆండ్రాయిడ్ వెనకనున్న యాప్‌ల ప్రాసెస్‌లను (నడుస్తున్న ప్రోగ్రాములను) ఆపేయడం మొదలుపెడుతుంది, అందులో మీ యాప్ కూడా ఉండవచ్చు. ఫొటో తీయడం పూర్తికాగానే సిస్టమ్ మీ యాప్‌ను మళ్లీ కొత్తగా నడిపించి, వాడుకరి వదిలి వెళ్లిన స్క్రీన్‌నే తిరిగి చూపిస్తుంది. నింపిన వివరాలను డెవలపర్ మెమరీలో మాత్రమే ఉంచి, యాప్ వెనక్కి వెళ్లే ముందు సేవ్ చేయకపోయి ఉంటే, స్క్రీన్ అదే ఉంటుంది గానీ గడులన్నీ ఖాళీగా ఉంటాయి. డెవలపర్ల దగ్గరుండే ఫోన్లలో ర్యామ్ దండిగా ఉంటుంది కనుక ప్రాసెస్ ఆగిపోయే అవసరమే రాదు. వారు బాగానే ఉందనడంలో అబద్ధం లేదు. వారి ఫోన్లో ఆ పరిస్థితే ఎదురుకాలేదు.

దీన్ని మీ బల్ల దగ్గరే రాబట్టవచ్చు. ఆండ్రాయిడ్ ఫోన్‌లోని డెవలపర్ ఆప్షన్స్‌లో 'డోంట్ కీప్ యాక్టివిటీస్' అనే మీట ఉంటుంది. దాన్ని ఆన్ చేస్తే, మీరు ఒక స్క్రీన్‌ను వదిలి పక్కకు వెళ్లగానే సిస్టమ్ ఆ స్క్రీన్‌ను తొలగించేస్తుంది, తిరిగి వస్తే కొత్తగా నిర్మిస్తుంది. అయితే ఈ ఒక్క మీటతో సరిపెట్టుకోకండి. అది స్క్రీన్‌ను తొలగిస్తుందే తప్ప ప్రాసెస్‌ను ఆపదు, కాబట్టి ప్రాసెస్ అంతటికీ ఉమ్మడిగా ఉన్న వేరియబుల్స్‌లో దాచినవి చెక్కుచెదరవు, పరీక్ష పాసైనట్టే కనిపిస్తుంది. అసలు పరిస్థితి రావాలంటే ఫారం సగం నింపి, హోమ్ బటన్ నొక్కి, కంప్యూటర్ నుంచి ఫోన్‌కు ఆదేశాలు పంపే ఏడీబీ అనే సాధనం ద్వారా 'ఏఎం కిల్' కమాండ్‌ను మీ యాప్ ప్యాకేజీ పేరుతో నడిపి, ఆ తర్వాత ఇటీవలి యాప్‌ల జాబితా నుంచి తిరిగి లోపలికి వెళ్లాలి. చాలామంది టెస్టర్లు ఆ జాబితాలో యాప్‌ను వేలితో పక్కకు తోసేసి ఇదే పరీక్ష చేశామనుకుంటారు. అలా తోసేస్తే వాడుకరి తనంతట తాను యాప్‌ను ముగించినట్టని సిస్టమ్ భావించి, దాచిన స్థితిని కూడా పారేస్తుంది. అది వేరే పరీక్ష. ఐఓఎస్‌లోనూ ఇలాంటి ముప్పే ఉంది. వెనక్కి వెళ్లిన యాప్ కొద్దిసేపటికి స్తంభించిపోతుంది, ఆ స్థితిలో ఉన్న యాప్‌ను సిస్టమ్ ముందుగా చెప్పకుండానే ముగించవచ్చు.

కెమెరా ఒక్కటే కారణం కాదు. ఓటీపీ చూసుకోవడానికి మెసేజీల యాప్‌లోకి వెళ్లిరావడం, మధ్యలో ఫోన్ కాల్ రావడం, స్క్రీన్‌ను రెండుగా చీల్చి ఇంకో యాప్‌ను పక్కన పెట్టుకోవడం, ఫోన్‌ను అడ్డంగా తిప్పడం, ఇవన్నీ ఈ కోవలోవే. ఆండ్రాయిడ్‌లో డెవలపర్ ప్రత్యేకంగా వద్దనకపోతే ఫోన్ తిప్పిన ప్రతిసారీ ఆ స్క్రీన్ మొదటినుంచి నిర్మాణమవుతుంది. వెబ్ టెస్ట్ కేసులో మీరు 'ఈ గడి నింపు, ఈ బటన్ నొక్కు, ఈ ఫలితం రావాలి' అని రాస్తారు. మొబైల్‌లో అదే కేసుకు, ఏ రెండు అడుగుల మధ్య వాడుకరి బయటికి వెళ్లే అవకాశం ఉందో, వెళ్లి వస్తే ఏమి మిగలాలో కూడా చేర్చండి. ప్రతి స్క్రీన్‌కూ ఇది చేయనక్కర్లేదు. సహాయం పేజీ మొదటికి వస్తే ఎవరికీ నష్టం లేదు. సగం నింపిన ఫారం, చెల్లింపు, లాగిన్ దగ్గర మాత్రం వదలకండి.

రెండో ఫిర్యాదు నా దృష్టిలో మొదటిదానికంటే తీవ్రమైనది, ఎందుకంటే యాప్ తెరుచుకోని వాడుకరికి మీరు లోపల ఏమి సరిచేసినా కనిపించదు. మీరు ప్రతి బిల్డ్‌నూ (తయారైన యాప్ ఫైలునూ) ఎలా ఇన్‌స్టాల్ చేస్తున్నారో ఒకసారి గమనించుకోండి. పాతదాన్ని అన్‌ఇన్‌స్టాల్ చేసి, కొత్తదాన్ని శుభ్రంగా ఎక్కించి మొదలుపెడుతుంటే, మీ వాడుకరుల్లో ఎక్కువమంది నడిచే దారిని మీరు ఒక్కసారి కూడా నడవలేదన్నమాట. వారు పాత వెర్షన్ మీదనే కొత్తదాన్ని ఎక్కించుకుంటారు, పాత వెర్షన్ రాసిన డేటాబేస్, సెట్టింగ్‌లు, లాగిన్ టోకెన్ అన్నీ ఫోన్లో అలాగే ఉంటాయి. కొత్త వెర్షన్‌లో డేటాబేస్ నిర్మాణం మారి, పాత నిర్మాణాన్ని కొత్తదానిలోకి మార్చే కోడ్ లేకపోతే, యాప్ తెరవగానే కూలిపోతుంది. పైగా అందరూ ప్రతి అప్‌డేట్‌నూ తీసుకోరు. మూడో వెర్షన్ నుంచి నేరుగా ఏడో వెర్షన్‌కు దూకేవారు ఉంటారు. మీ డెవలపర్ ఆరు నుంచి ఏడుకు మాత్రమే సరిచూసి ఉంటారు. కాబట్టి విడుదల చేసిన ప్రతి బిల్డ్‌నూ ఒకచోట భద్రపరచండి. పాతదాన్ని ఎక్కించి, లాగిన్ అయి, సగం నింపిన ఫారం ఒకటి వదిలి, ఏమీ తుడిచివేయకుండా దానిమీద కొత్తదాన్ని ఎక్కించి తెరవండి. మీ దగ్గర ఏ పాత వెర్షన్లు ఎంతమంది వాడుతున్నారో స్టోర్ కన్సోల్‌లోనో, మీ సర్వర్ లాగ్‌లలోనో తెలుస్తుంది, వాటినిబట్టి ఎంచుకోండి.

శుభ్రమైన ఇన్‌స్టాల్ అనుకునేది కూడా అన్నిసార్లూ శుభ్రం కాదు. ఆండ్రాయిడ్ 6 నుంచి యాప్ డేటాను వాడుకరి ఖాతాలోకి తనంతట తానే బ్యాకప్ చేసే ఏర్పాటు ఉంది, తిరిగి ఇన్‌స్టాల్ చేసినప్పుడు ఆ పాత డేటా మళ్లీ వచ్చి కూర్చుంటుంది. ఎన్‌క్రిప్ట్ చేసిన ఫైలు అలా తిరిగి వచ్చి, దాన్ని తెరిచే తాళంచెవి మాత్రం బ్యాకప్‌లో లేకపోతే యాప్ తొలి స్క్రీన్ దాటదు. ఐఫోన్లో యాప్‌ను తీసేసినా కీచైన్‌లో (పాస్‌వర్డ్‌ల వంటివి భద్రపరిచే చోట) దాచినవి సాధారణంగా మిగిలే ఉంటాయి. అన్‌ఇన్‌స్టాల్ చేసి మళ్లీ ఎక్కించమని వాడుకరికి సలహా ఇచ్చినా పని జరగలేదంటే, ఈ రెండింటినీ అనుమానించండి.

విడుదల విషయానికి వస్తే, వెబ్‌లో అలవాటైన ధీమా ఇక్కడ పనికిరాదు. యాప్ స్టోర్‌కు పంపిన ప్రతి వెర్షన్ సమీక్ష దాటాలి. యాపిల్ దశలవారీ విడుదలలో ఆటోమేటిక్ అప్‌డేట్లు ఏడు రోజుల్లో 1, 2, 5, 10, 20, 50, 100 శాతం చొప్పున వాడుకరులకు చేరతాయి. మధ్యలో దాన్ని ఆపి ఉంచవచ్చు, అయినా స్టోర్‌లోకి వెళ్లి చేత్తో అప్‌డేట్ చేసుకునేవారికి అడ్డు ఉండదు. గూగుల్ ప్లేలో శాతాన్ని మీరే నిర్ణయించుకుని, తేడా కనిపిస్తే ఆపవచ్చు. అప్పటికే కొత్త వెర్షన్ అందినవారి ఫోన్లో పాతదాన్ని తిరిగి పెట్టడం మాత్రం కుదరదు. సరిచేసి, అంతకంటే పెద్ద వెర్షన్ సంఖ్యతో మరొకటి పంపవలసిందే. అందుకే క్రాష్ నివేదికలను గమనించే పని విడుదల తర్వాత మరొకరి బాధ్యత అనుకోవద్దు. మొదటి ఒకటి రెండు శాతం దగ్గర ఉన్నప్పుడు వాటిని చూసి ఆపమని చెప్పగలిగే మనిషి టెస్టరే.

దీనికి తోడు వెబ్ టెస్టర్ల దృష్టికి రాని పరీక్ష ఒకటి ఉంది. సర్వర్ మారుతుంది, ఫోన్లోని పాత యాప్ మారదు. మీ వెబ్ బృందం ఏపీఐలో (యాప్, వెబ్ పేజీ సర్వర్‌తో మాట్లాడే దారిలో) ఒక గడి పేరు మార్చి, వెబ్ పేజీని కూడా దానికి తగ్గట్టు మార్చితే వెబ్‌లో అంతా సవ్యంగా ఉంటుంది, ఆర్నెల్ల కిందటి యాప్ వాడుతున్నవారికి మాత్రం ఆ సాయంత్రం నుంచి ఖాళీ స్క్రీన్ కనిపిస్తుంది. సర్వర్‌లో ప్రతి మార్పు తర్వాత కనీసం ఒకటి రెండు పాత యాప్ వెర్షన్లతో ముఖ్యమైన పనులు చేసి చూడటం మీ రిగ్రెషన్‌లో (మార్పు తర్వాత పాతవి చెడలేదని చూసే పరీక్షల్లో) భాగం కావాలి. తప్పనిసరి అప్‌డేట్ అడిగే స్క్రీన్ మీ యాప్‌లో ఉంటే దాన్ని తప్పక పరీక్షించండి. అవసరం వచ్చిన రోజున అది పనిచేయకపోతే చేయగలిగింది ఏమీ మిగలదు.

నెట్‌వర్క్ గురించి అందరూ చెప్పేది నెమ్మదిగా ఉంటే ఎలా, అసలు లేకపోతే ఎలా అని. ఆ రెండింటినీ పరీక్షించడం తేలిక, వాటిని డెవలపర్లు కూడా ఊహించగలరు. అసలు తంటా మధ్యలో తెగినప్పుడు వస్తుంది. వాడుకరి 'పంపు' నొక్కుతారు, అభ్యర్థన సర్వర్‌కు చేరుతుంది, దరఖాస్తు నమోదవుతుంది, ఆ సంగతి చెప్పే జవాబు ఫోన్‌కు చేరేలోగా వైఫై పోయి మొబైల్ డేటా అందుకుంటుంది. యాప్ 'పంపలేకపోయాం, మళ్లీ ప్రయత్నించండి' అంటుంది. వాడుకరి మళ్లీ నొక్కుతారు, సర్వర్‌లో రెండు దరఖాస్తులు పడతాయి. వెబ్‌లోనూ ఇది జరగకపోదు గానీ, కదులుతూ వాడే ఫోన్లో ఇది రోజువారీ సంగతి. చార్లెస్, ఎంఐటీఎంప్రాక్సీ వంటి, ఫోన్‌కూ సర్వర్‌కూ మధ్య నిలిచే ప్రాక్సీ సాధనంతో జవాబును మాత్రమే ఆపి ఈ పరిస్థితిని కావాలని సృష్టించవచ్చు. ఆండ్రాయిడ్ 7 నుంచి యాప్‌లు వాడుకరి స్వయంగా ఎక్కించిన సర్టిఫికెట్లను (ప్రాక్సీకి కావలసింది కూడా ఇలాంటిదే) మామూలుగా నమ్మవు, కనుక ప్రాక్సీలో ఏమీ కనిపించకపోతే కంగారుపడక, టెస్ట్ బిల్డ్‌లో దానికి అనుమతి ఇమ్మని డెవలపర్లను అడగండి. ఒకే దరఖాస్తు రెండుసార్లు వస్తే గుర్తించే ఏర్పాటు సర్వర్‌లో ఉందో లేదో కూడా అప్పుడే అడగండి.

ఇంకో మాట. టెస్టింగ్ ఫోన్లు రోజంతా యూఎస్‌బీ తీగకు వేలాడుతూ చార్జింగ్‌లో ఉంటాయి. ఆండ్రాయిడ్ 6తో వచ్చిన డోజ్ ఏర్పాటు, ఫోన్ చార్జింగ్‌లో లేకుండా, కదలకుండా, స్క్రీన్ ఆరిపోయి కొంతసేపు ఉంటే యాప్‌లకు నెట్‌వర్క్‌ను ఆపి, వెనకాల జరిగే పనులను వాయిదా వేస్తుంది. తీగ తీయని ఫోన్లో ఈ స్థితి రానే రాదు. కనుక 'రాత్రి పంపిన ఫొటోలు తెల్లవారినా చేరలేదు' అనే ఫిర్యాదు మీ బల్లమీద ఎప్పటికీ కనిపించదు. ఏడీబీ ద్వారా ఫోన్‌ను చార్జింగ్‌లో లేనట్టు నమ్మించి, డోజ్‌లోకి బలవంతంగా పంపే కమాండ్లు ఉన్నాయి, వాటిని నేర్చుకోండి.

అనుమతుల సంగతి క్లుప్తంగా చెబుతాను. కెమెరా, లొకేషన్ వంటివాటిని యాప్ నడుస్తుండగా అడిగే పద్ధతి ఆండ్రాయిడ్‌లో 2015లో వచ్చిన ఆరో వెర్షన్ నుంచి ఉంది. 11లో 'ఈ ఒక్కసారికి' అనే వీలు వచ్చింది, 13 నుంచి నోటిఫికేషన్లకు కూడా అనుమతి అడగాలి. 11 నుంచి వాడుకరి రెండుసార్లు వద్దంటే సిస్టమ్ ఆ ప్రశ్నను మళ్లీ చూపించదు. ఐఫోన్లో ఒక్కసారి వద్దన్నా అంతే. అప్పుడు మీ యాప్‌లోని ఫొటో బటన్ నొక్కితే ఏమవుతుంది? ఏ చప్పుడూ లేకుండా ఊరుకుంటే అది బగ్గే. సెట్టింగ్స్‌కు వెళ్లే దారి చూపించాలి. 'అనుమతించు' నొక్కి ముందుకు సాగడం మన చేతులకు ఎంత అలవాటంటే, 'వద్దు' అనే దారిలో పెద్ద పెద్ద యాప్‌లు కూడా తడబడుతుంటాయి.

ఫోన్లు ఎన్ని అనేదానికి సంఖ్య చెప్పడం కంటే ఎంపిక చెప్పడం మేలు. మీ వాడుకరుల్లో ఎక్కువమంది దగ్గరున్న మోడల్ ఒకటి, మీరు సపోర్ట్ చేస్తామన్న వాటిలో అతి తక్కువ ర్యామ్ ఉన్నది ఒకటి, అతి పాత ఆండ్రాయిడ్ వెర్షన్ ఉన్నది ఒకటి, బ్యాటరీ ఆదా కోసం వెనకనున్న యాప్‌లను కఠినంగా ఆపే కంపెనీది ఒకటి, కొత్త ఐఫోన్ ఒకటి, పాతది ఒకటి ఉంటే చాలావరకు గడుస్తుంది. మిగతావాటిని క్లౌడ్‌లో అద్దెకు తీసుకోవచ్చు. ఒక్కటే కొనిపిస్తామంటే తక్కువ ర్యామ్ ఉన్నదాన్నే అడగండి, దాని స్టోరేజీని ఫొటోలతో వీడియోలతో దాదాపు నింపి వాడండి. ఎమ్యులేటర్‌ను పారేయనక్కర్లేదు. లేఅవుట్లు, భాషలు, వేర్వేరు ఆండ్రాయిడ్ వెర్షన్లు చూడటానికి అది చక్కటి సాధనం. అక్షరాల సైజును గరిష్ఠానికి పెంచి, కింద ఒత్తులు ఉండే తెలుగు వంటి లిపిలో బటన్ల మీది మాటలు తెగిపోతున్నాయేమో అందులోనే చూడండి. ఐఓఎస్ సిమ్యులేటర్ మాత్రం మ్యాక్ ప్రాసెసర్, మ్యాక్ మెమరీ మీద నడుస్తుంది. వేగం, మెమరీ ఒత్తిడి, కెమెరా విషయాల్లో దాని మాట నమ్మవద్దు.

ఇంతా చదివి వెబ్ టెస్టింగ్ తేలికైనదని ఎవరైనా అనుకుంటే ఒప్పుకోను. అడ్రస్ బార్‌లోని సంఖ్య మార్చి మరొకరి దరఖాస్తు తెరవడం, రెండు ట్యాబుల్లో ఒకే పని చేయడం, పంపిన తర్వాత వెనక్కి బటన్ నొక్కడం, గడిలో స్క్రిప్ట్ దూర్చడం వంటి పరీక్షలు వెబ్ నేర్పినవే. యాప్ వెనకున్న ఏపీఐకి వీటిలో చాలావాటిని మీరు ప్రాక్సీ ద్వారా చేసి తీరాలి. ఆ సంఖ్య యాప్‌లో కనిపించదు కాబట్టి ఎవరూ మార్చలేరని నమ్మే డెవలపర్లు ఇంకా ఉన్నారు. మీ యాప్‌లోని కొన్ని స్క్రీన్లు నిజానికి లోపల తెరుచుకునే వెబ్ పేజీలే అయి ఉండవచ్చు. ఏవేవో అడిగి తెలుసుకోండి, వాటికి మీ పాత టెస్ట్ కేసులు దాదాపు ఉన్నవి ఉన్నట్టుగా పనికివస్తాయి.

సెలీనియం వృథా కాదు. 2004లో మొదలైన ఆ ప్రాజెక్టులో తర్వాత కలిసిన, బ్రౌజర్‌ను నడిపించే వెబ్‌డ్రైవర్ 2018లో డబ్ల్యూ3సీ (వెబ్ ప్రమాణాలను నిర్ణయించే సంస్థ) ప్రమాణం అయింది, మొబైల్ యాప్‌ల కోసం వాడే ఆపియం కూడా ఆ వెబ్‌డ్రైవర్ పద్ధతి మీదే నడుస్తుంది. కనుక ఎలిమెంట్‌ను వెతకడం, కనిపించేదాకా ఆగడం, పేజీలను వేర్వేరు క్లాసులుగా రాసుకోవడం వంటి మీ అలవాట్లు అక్కడా పనికివస్తాయి. ఆండ్రాయిడ్‌కు ఎస్ప్రెస్సో, ఐఓఎస్‌కు ఎక్స్‌సీయూఐటెస్ట్ అనే సాధనాలు వేగంగా, నిలకడగా నడుస్తాయి గానీ అవి డెవలపర్ల కోడ్‌తో ముడిపడి ఉంటాయి. వాటిని వారు రాస్తే మంచిది. మీరు ఆపియంతో మొదట రాయవలసిన స్క్రిప్ట్ లాగిన్ పేజీది కాదు. పాత బిల్డ్‌ను ఎక్కించి, ఫారం సగం నింపి, కొత్త బిల్డ్‌ను దానిమీద ఎక్కించి తెరిచే పరీక్షను ఆటోమేట్ చేసి, ప్రతి రాత్రి నడిచేలా పెట్టండి. చేత్తో చేయాలంటే అందరికీ విసుగు పుట్టించే పని అదే, అందుకే విడుదల హడావిడిలో అందరూ ముందుగా వదిలేసేదీ అదే. అది సిద్ధమయ్యేలోగా ఫిర్యాదు చేసినవారి నుంచి ఫోన్ మోడల్, ఆపరేటింగ్ సిస్టమ్ వెర్షన్, అంతకుముందు వాడిన యాప్ వెర్షన్, ఫోన్లో మిగిలిన ఖాళీ స్థలం, ఈ నాలుగూ తెప్పించుకుని డెవలపర్లకు ఇవ్వండి.